లాంచీ కింద రాజధాని

సాగర్ గేట్లెత్తారని టీవీలో కనబడగానే హైదరాబాదు నుంచీ గుంటూరు నుంచీ కార్లు బయల్దేరతాయి. దూకే నీళ్లను చూడటం, తుంపరలో తడవడం, ఫొటోలు, చేపల వేపుడు, వీలుంటే ఎత్తిపోతల జలపాతం, చీకటి పడేలోపు తిరుగు ప్రయాణం. ఆ హోరు చూడదగ్గదే. కానీ డ్యామ్ దిగువన దూకే నీటిని చూసినవాళ్లలో ఎంతమంది ఎగువన నిలిచిన నీటి మీదికి వెళ్తున్నారు? వెళ్లినవాళ్లలోనూ చాలామంది దాన్ని పిల్లల కోసం చేసే బోటు షికారుగానే చూస్తున్నారు. దీవిలో ఓ గంట తిరిగి, అదే లాంచీలో వచ్చేస్తున్నారు. ఆ గంట చాలదు.

ఎందుకంటే ఆ నీటి అడుగున ఒక రాజధాని ఉంది. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఇక్ష్వాకుల విజయపురి. రాజభవనాలు, స్తూపాలు, విహారాలు, గుళ్లు, కృష్ణలోకి దిగే రాతిమెట్ల రేవు, జనం చుట్టూ కూర్చుని చూసే రంగస్థలం, అన్నీ ఉన్న ఊరు. ఆ ఊరి పక్కన నిలబడ్డ కొండ కొసే ఇప్పుడు మనం నాగార్జునకొండ అని పిలుస్తున్న దీవి. ఇంత చిన్న ప్రయాణంలో ఇంత చరిత్రను దాటించే నీటిదారి తెలుగునేల మీద మరొకటి లేదని నా నమ్మకం.

పదకొండు కిలోమీటర్లు

కుడిగట్టున, పల్నాడు జిల్లాలోని విజయపురి సౌత్‌లో లాంచీ స్టేషన్ ఉంది. ఎడమగట్టు నుంచి, అంటే నల్లగొండ జిల్లా నందికొండ వైపు నుంచి, తెలంగాణ పర్యాటక శాఖ లాంచీలు కూడా నడిచాయి. ఏ గట్టున ఎక్కినా దీవి దాదాపు 11 కిలోమీటర్లు. గాలినిబట్టి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. ఎక్కగానే లైఫ్ జాకెట్ ఇస్తారు. ఉక్కపోస్తోందని దాన్ని పక్కన పడేయొద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని ఎవరూ మర్చిపోకూడదు. సరంగు చెప్పినట్టు కూర్చోవాలి, ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు చేరకూడదు.

బయల్దేరిన కాసేపటికి డ్యామ్ వెనకబడుతుంది. గట్టున నిలబడి చూసినప్పుడు దాని ఎత్తే తెలుస్తుంది, నీటి మీద నుంచి చూస్తే పొడవు తెలుస్తుంది. రాతి కట్టడంతో లేపిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి ఇది. పునాది నుంచి 124 మీటర్లు. యంత్రాలకన్నా మనుషుల చేతులే ఎక్కువగా కట్టిన డ్యామ్. రాళ్లు కొట్టినవాళ్లూ, తట్టలు మోసినవాళ్లూ వేలల్లో ఉన్నారు. దూరం నుంచి చూస్తున్నప్పుడు ఆ మనుషులు గుర్తుకొస్తే బాగుంటుంది.

ముందువైపు నల్లమల. పొరలు పొరలుగా పేర్చినట్టున్న రాతి చరియలు, వాటి మీద పొదలు, అక్కడక్కడా పుట్టిలో వల సర్దుకుంటున్న జాలరి. జలాశయం నిండా ఉన్నప్పుడు, అంటే 590 అడుగుల మట్టానికి దగ్గరలో ఉన్నప్పుడు, నీళ్లు చెట్ల మొదళ్లను తాకుతాయి. ఎండాకాలం మట్టం దిగితే గట్ల మీద తెల్లటి చార తేలుతుంది. ఆ చార నుంచి నీటిదాకా ఉన్న ఎత్తును బట్టి ఆ ఏడు కృష్ణ ఎలా పారిందో ఇక్కడివాళ్లు చెప్పేస్తారు.

దీవి దగ్గరపడే కొద్దీ చుట్టూ ఉన్న కొండల అమరిక గమనించండి. మూడు పక్కలా నల్లమల కొండలు, నాలుగో పక్కన కృష్ణ. ఇక్ష్వాకులు రాజధానికి ఈ లోయనే ఎందుకు ఎంచుకున్నారో పుస్తకం అక్కర్లేకుండా తెలిసిపోతుంది. శత్రువుకు దారి దొరకదు, సరుకుకు నది ఉంది. శాతవాహనుల పెత్తనం సన్నగిల్లాక మూడో శతాబ్దంలో మొదలై, సుమారు వందేళ్లపాటు నలుగురు రాజులు ఇక్కడి నుంచి ఏలారు: శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. ఆచార్య నాగార్జునుడు ఈ కొండ మీదే ఉండేవాడని జనం నమ్మకం. ఆయన శాతవాహనుల నాటివాడంటారు. తవ్వకాల్లో బయటపడ్డది మాత్రం చాలామటుకు ఇక్ష్వాకులది. శాసనాలు ఈ చోటును శ్రీపర్వతం అన్నాయి.

దొరకడం, మునగడం

ఈ లోయ ఎన్నో శతాబ్దాలు మరుగున పడివుంది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఇక్కడ ఒక పాత స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. అక్కడి శాసన విభాగం నుంచి తెలుగు సహాయకుడు రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. ఆ తర్వాత 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాఖ తరఫున లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. బండ్లబాటన కొండలు దాటి రావాల్సిన రోజులవి. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్లీ పని మొదలుపెట్టారు. ఆ పంతులు గారు ఆ రాయిని చూసి తనదారిన తాను పోయుంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా నాకు మనసొప్పదు. డ్యామ్ నాటికి ఈ లోయ గురించి ఎవరికీ తెలియకుండా ఉండి ఉంటే, ఏం మునుగుతోందో కూడా తెలియకుండానే మునిగిపోయేది.

డ్యామ్ అవసరం సామాన్యమైంది కాదు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ నందికొండ ప్రాజెక్టు కోసం సొంత డబ్బు ఖర్చుపెట్టి, ఢిల్లీ చుట్టూ తిరిగి సాధించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ కింద గుంటూరు, ప్రకాశం, ఎడమకాలువ కింద నల్లగొండ, ఖమ్మం. వానకోసం ఆకాశం చూసిన పల్లెల్లో వరి పండింది. ఇవాళ హైదరాబాదు కుళాయిల్లో వచ్చే నీటిలోనూ ఈ జలాశయం వాటా ఉంది. లాంచీలో మన పక్కన కూర్చున్న హైదరాబాదు కుటుంబం తాగే నీళ్ల మీదే ప్రయాణిస్తోంది.

కాబట్టి కట్టకుండా ఉండాల్సింది అని నేను అనను. అయితే లోయ ఖాళీది కాదు. పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, తండాలున్నాయి. అవీ పోయాయి. రాజుల రాళ్లకు మ్యూజియం దక్కింది. ఈ ఊళ్లకు కనీసం ఒక పలక అయినా లాంచీ స్టేషన్‌లో ఉండాలి. పేర్లు రాసి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పురావస్తు శాఖ చేసిన పని మాత్రం గొప్పది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వారు. వందకు పైగా స్థలాలు. పాతరాతియుగపు పనిముట్ల దగ్గర నుంచి బృహత్‌శిలా సమాధుల దాకా, ఇక్ష్వాకుల నగరం మొత్తం, మధ్యయుగపు కోట దాకా. నీళ్లు వచ్చేలోపు అన్నీ నమోదు చేసి, ముఖ్యమైన కట్టడాలను కొన్నింటిని విడదీసి కొండ మీదికీ, కుడిగట్టునున్న అనుపుకూ మోసుకెళ్లి తిరిగి పేర్చారు, మరికొన్నింటికి నమూనాలు కట్టారు. ఈజిప్టులో అబూ సింబెల్ గుడిని నైలు నీటి నుంచి 1964-68 మధ్య తరలించిన సంగతి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. అంతకు ముందే మన పల్నాడులో జరిగిన ఈ తరలింపు గురించి మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

దీవి మీద

ఒకప్పుడు చెమటోడ్చి ఎక్కాల్సిన కొండకు ఇప్పుడు లాంచీ నడుము దగ్గరే ఆగుతుంది. రేవులో దిగి పైకి నడిస్తే చెట్లనీడ, కోటగోడల ఆనవాళ్లు, తోట. ఎక్కువమంది నేరుగా మ్యూజియానికి వెళ్లి, అరగంటలో బయటికొచ్చి, మిగిలిన అరగంట చెట్ల కింద పులిహోర పొట్లాలు విప్పుతారు. తినడానికి లాంచీలో బోలెడంత సమయం ఉంది. దీవి మీద ఉన్నంతసేపూ నడవండి.

ముందు మహాచైత్యం. అసలుది 106 అడుగుల వ్యాసంతో లోయలో ఉండేది. ఇక్కడ తిరిగి కట్టినదాన్ని చూస్తే పునాది ఎలా వేశారో తెలుస్తుంది: మధ్యలో ఇరుసు, దాని నుంచి బయటికి ఆకులు, చుట్టూ వలయం. ఇటుకతో కట్టిన బండిచక్రం. ఆకుల మధ్య గదుల్లో మట్టి నింపారు. అంత పెద్ద గుట్టను తక్కువ ఇటుకతో గట్టిగా నిలబెట్టే ఉపాయం అది, ధర్మచక్రపు గుర్తు కూడా అదే. నాలుగు దిక్కులా వేదికలు, ఒక్కో వేదిక మీద అయిదేసి ఆయక స్తంభాలు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి ఉపదేశం, నిర్యాణం, ఈ అయిదింటికీ అయిదు.

ఆ స్తంభాల మీది శాసనాల్లోనే ఈ ప్రయాణంలోకెల్లా నాకు ఇష్టమైన మనిషి ఉంది. పేరు శాంతిసిరి. శాంతమూలుడి చెల్లెలు, ఒక మహాసేనాపతి భార్య. మహాచైత్యానికి ప్రధాన దాత ఆమే. వీరపురుషదత్తుడు ఆమెకు అన్నకొడుకు, అల్లుడు కూడా. రాజు మరో మేనత్త హమ్మసిరి కూతుళ్లను కూడా పెళ్లాడాడు. మేనరికం మన ఇళ్లలో ఎంత పాతదో చూడాలంటే ఈ రాళ్లే సాక్ష్యం. కుడిగట్టు లాంచీల్లో ఒకదానికి శాంతిసిరి అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లెవరోగాని వాళ్లకు నమస్కారం.

ఆ రాజుల ఇంటి సంగతి మరొకటి. రాజులు వైదికులు. శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, కార్తికేయుడి భక్తుడు. ఆ యాగానికి చెందినవని గుర్తించిన కట్టడాల ఆనవాళ్లు కూడా దీవి మీదికి చేర్చారు. ఆడవాళ్లు మాత్రం స్తూపాలకు, విహారాలకు దానాలిచ్చారు. అన్న హోమం చేస్తుంటే చెల్లెలు చైత్యం కట్టించింది. ఎవరి దారికి ఎవరూ అడ్డుపడినట్టు శాసనాలు చెప్పవు.

రాజకుటుంబంలోని ఆడవాళ్లే కాదు. బోధిసిరి అని ఒక ఉపాసిక ఉంది. సింహళ భిక్షువుల కోసం చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. శాసనంలో తన తల్లిదండ్రుల నుంచి అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, వాళ్ల పిల్లల దాకా చుట్టాలందరి పేర్లూ చెక్కించి, పుణ్యం అందరికీ పంచింది. ఆ భిక్షువులు ధర్మం చెప్పిన దేశాల పట్టిక కూడా ఉంది: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ, తామ్రపర్ణి, ఇంకా కొన్ని. నల్లమల మధ్యలోని లోయలో కూర్చున్న ఒక గృహిణికి తెలిసిన ప్రపంచం అది. దీవి మీద సింహళ విహారం దగ్గర నిలబడ్డప్పుడు ఈ పేర్లు పిల్లలకు చదివి వినిపించండి.

మ్యూజియంలో తొందరపడకూడని చోట్లు మూడు. మొదటిది ఛాయాస్తంభాలు. చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లు. శాంతమూలుడిదీ ఉంది, యుద్ధంలో పడిపోయిన సైనికులవీ ఉన్నాయి. ఆ తర్వాతి శతాబ్దాల్లో ఊరూరా వెలసిన వీరగల్లుల పూర్వరూపం ఇక్కడ కనిపిస్తుంది. రెండోది రాజభవనం దగ్గర దొరికిన శిల్పాలు. మొనదేలిన టోపీ, పొడుగు చేతుల అంగీ, షరాయి తొడిగి ఈటె పట్టిన శకసైనికుడు, కొమ్ముపాత్రతో తాగుతున్న విదేశీయుడు. ఈ లోయలో రోము బంగారు నాణేలు కూడా దొరికాయి. ఉజ్జయిని మహారాజు కూతురు ఇక్కడి రాణి అయింది. మూడోది మునిగిన లోయ నమూనా. చాలామంది దీన్ని దాటిపోతారు. నన్నడిగితే మొదట దీని ముందే నిలబడాలి. ఏ కట్టడం ఎక్కడుండేదో చూసుకుని, కిటికీ బయట నీళ్లను చూస్తే, అప్పుడు ఆ నీళ్లలో ఊరు కనబడుతుంది.

నిలువెత్తు బుద్ధుడి విగ్రహం గురించి వేరే చెప్పక్కర్లేదు, దాని ముందు అందరూ ఆగుతారు. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి అది. చిన్న ఫలకాలను మాత్రం వదిలేయొద్దు. జాతక కథల్లోని ఆడవాళ్ల జడలు, గాజులు, నడుం వంపులు, పిల్లల ఆటలు, గుర్రాల కళ్లు, అన్నిటినీ ఆ శిల్పులు ఓపిగ్గా చెక్కారు.

ఇదంతా గంటలో అయ్యేది కాదు. దిగేటప్పుడు సరంగు చెప్పే తిరుగు సమయం వినగానే జనం పరుగులు పెడతారు. దీవి మీద రెండు గంటలు ఉండనిచ్చి, రోజుకొక్క ట్రిప్పయినా నిదానంగా నడపమని పర్యాటక శాఖలను అడగాల్సింది మనమే. ఉదయం మొదటి లాంచీకి వెళ్లి, తర్వాతి లాంచీకి తిరిగి రావచ్చేమో టికెట్ దగ్గరే కనుక్కోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఆగస్టు నుంచి జనవరి దాకా నీళ్లు బాగుంటాయి, మట్టం మరీ తగ్గితే లాంచీలు నడవకపోవచ్చు. మంచినీళ్లు, టోపీ వెంట ఉండాలి. ప్లాస్టిక్ సంచులు దీవి మీద వదలకుండా వెనక్కి తెచ్చుకోవాలి, చుట్టూ ఉన్నది పులుల అభయారణ్యపు సీమ.

గట్టుకు చేరాక ఓపిక మిగిలితే అనుపు వెళ్లండి. విజయపురి సౌత్ నుంచి రోడ్డునే పోవచ్చు, లాంచీ అక్కర్లేదు. హారీతి గుడి, ఒక విహారం, వాటితోపాటు లోయ నుంచి తెచ్చి పేర్చిన రంగస్థలం అక్కడే ఉన్నాయి. నలుచదరపు బరి, చుట్టూ మెట్లు. కింద ఒకరు నిలబడి మాట్లాడితే పైమెట్టు మీదివాళ్లకు మైకు లేకుండా వినబడుతుంది. పిల్లల్ని కింద నిలబెట్టి పద్యమో పాటో పాడించండి.