మీకు తెలుసా? కౌజుకు కౌజు గొంతే ఎర

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చెలకల్లో, తుప్పల్లో తిరిగే కౌజు పిట్టను రప్పించడానికి గింజలు చల్లక్కర్లేదు, ఇంకో కౌజు కూత చాలు! తన హద్దులో పరాయి గొంతు వినబడితే మగ కౌజు పోరుకు దూసుకొస్తుంది. ఆ పౌరుషమే దాని ప్రాణం మీదికి తెస్తుంది. వేటగాళ్లు పెంపుడు కౌజును దీమంగా, అంటే ఎర పిట్టగా, పంజరంలో పెట్టి కూయిస్తారు, చుట్టూ ఉచ్చులు పన్నుతారు.

గొంతును ఎరగా వాడటం వేరే చోట్లా ఉంది. అమెరికాలో ఎల్క్ అనే పెద్ద దుప్పి కేకను వేటగాళ్లు రికార్డింగులు విని నోటితో నేర్చుకుంటారు. కానీ కొలరాడో, ఐడహో రాష్ట్రాల్లో ఆ రికార్డింగునే అడవిలో మోగించి ఎల్క్‌ను వేటాడటం నిషేధం.

మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు పన్నడం, ఎర చూపడం, చివరికి ఆ ప్రయత్నం కూడా వేటే. పొలం గట్టున ఉచ్చు కనబడితే అటవీ శాఖకు చెప్పండి.