నాలుక కింద మాత్ర చేసే పని

గుండెనొప్పి ఉన్న మనిషి ఇంట్లో ఉంటే, సార్బిట్రేట్ మాత్ర తెలియని ఇల్లాలు ఉండదు. మామగారి చొక్కా జేబులో ఒకటి, దేవుడి గూటి పక్కన మరొకటి! ఛాతీ పట్టేసినట్టు ఉందనగానే నాలుక కింద పెట్టించేస్తాం. గోరంత మాత్ర అంత పని ఎలా చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా?

ఆ మాత్ర నుంచి ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. నవ్వించే గ్యాసు ఇది కాదండోయ్, అది నైట్రస్ ఆక్సైడ్. ఇది బండ్ల పొగలోనూ ఉండేదే. అయితే ఒంట్లో మాత్రం వార్తాహరుడి పని చేస్తుంది. రక్తనాళం గోడలోని కండరానికి "వదులవు" అని కబురందించి, కొద్ది సెకన్లలో మాయమైపోతుంది. నాళం వెడల్పయ్యి గుండె మీద భారం తగ్గుతుంది.

ఈ కిటుకు తెలియకముందే మందు వాడుకలోకి వచ్చింది. నైట్రోగ్లిజరిన్‌తో డైనమైట్ చేసి ధనవంతుడైన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కి చివరి రోజుల్లో గుండెజబ్బు పట్టుకుంది. డాక్టర్లు రాసిన మందేమిటనుకున్నారు? ఆ నైట్రోగ్లిజరినే! విధి వింత చూడమంటూ 1896లో తన సహాయకుడికి ఉత్తరం కూడా రాశాడాయన.

ఇలాంటి మందుల నుంచి నైట్రిక్ ఆక్సైడే వస్తోందని 1977లో ఫెరిద్ మురాద్ చూపించారు. రక్తనాళం లోపలి పొర దెబ్బతింటే నాళం వదులవ్వడం లేదని, అంటే ఆ పొరే ఏదో కబురు పంపుతోందని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కనిపెట్టారు. ఆ కబురు కూడా ఈ వాయువేనని 1986లో ఆయనా, లూయీ ఇగ్నారో విడివిడిగా చెప్పారు. ముగ్గురికీ 1998లో బహుమతి వచ్చింది. ఎవరి పేరు మీదిదో చెప్పాలా!

అంటే మన ఒళ్లే ఈ మందు తయారుచేసుకుంటుందన్నమాట. షుగరు, బీపీ, సిగరెట్లు ఆ లోపలి పొరను పాడుచేస్తాయి, తయారీ తగ్గిపోతుంది. పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేట్లను నాలుక మీది బాక్టీరియా మార్చిపెడితే, వాటి నుంచీ కొంత నైట్రిక్ ఆక్సైడ్ వస్తుంది. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోస్తే నైట్రేట్లూ పోతాయి, పప్పులోనో చారులోనో పోసేయండి. అలాగని బీట్‌రూట్ తింటున్నాంగా అని మాత్రలు మానిపిస్తే మాత్రం ప్రమాదం.

మాత్ర ఇచ్చేటప్పుడు మనిషిని ముందు కూర్చోబెట్టండి. నాళాలు వదులైతే బీపీ పడిపోయి, నిలబడ్డ మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు. కంగారులో నీళ్లిచ్చి మింగించకండి, అది ఆలస్యంగా పనిచేస్తుంది. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే ఇంకేమీ చూడకుండా 108కి ఫోన్ చేయండి. పక్కింటాయన ఛాతీ నొప్పంటే మన మాత్ర ఇచ్చేయడం కూడా మంచిది కాదు.

ఇంకొకటి, మొహమాటపడే సంగతి. వయాగ్రా రకం మాత్రలు పనిచేసేదీ ఈ కబురు దారిలోనే. ఆ మాత్ర వేసుకున్న మనిషికి సార్బిట్రేట్ పెడితే బీపీ ప్రాణం మీదకొచ్చేంతగా పడిపోవచ్చు. వయాగ్రా అయితే కనీసం ఒక రోజు, టడలాఫిల్ అయితే రెండు రోజులు ఆ ముప్పు ఉంటుంది. మగవాళ్లు ఆస్పత్రిలో ఈ మాట పైకి చెప్పరు. మీకు తెలిస్తే సిగ్గుపడకుండా డాక్టరుగారి చెవిన మీరే వేయండి.