కాల్పనికేతర గ్రంథాలపై పాఠకుల అభిప్రాయం

ఒక పుస్తకం చదివి అభిప్రాయం వ్రాసి తెమ్మంటే మన విద్యార్థులు సాధారణంగా నాలుగు వాక్యాలు వ్రాస్తారు. పుస్తకం చాలా బాగుందని, భాష సరళంగా ఉందని, రచయిత కృషి అభినందనీయమని, ప్రతి ఒక్కరూ చదవదగినదని. ఇవి ఏ పుస్తకానికైనా అతికే మాటలు. పైన ఉన్న పేరు కొట్టివేసి మరో పేరు వ్రాసినా తేడా తెలియదు. నవలల మీదా కథల మీదా కొంత చొరవగా మాట్లాడేవారు కూడా చరిత్ర, ఆత్మకథ, యాత్రాచరిత్ర, వైద్యం వంటి విషయాలపై వచ్చిన గ్రంథాల దగ్గరకు వచ్చేసరికి వెనుకాడతారు. పీఠికలో పెద్దలు చెప్పినదాన్నే తిరగరాసి ఊరుకుంటారు.

ఇందుకు రెండు కారణాలు మాకు కనిపిస్తున్నాయి. మొదటిది అందరికీ ఉన్నదే. కథ నచ్చిందనో నచ్చలేదనో చెప్పవచ్చు గాని, నిజాలు చెప్పే పుస్తకం మీద అభిప్రాయం చెప్పడానికి మేమెంతవారం అనే సంకోచం. రెండవది తెలుగునాటికి వెలుపల పుట్టి పెరిగినవారికి ప్రత్యేకమైనది. మాది ఇంటి తెలుగే గదా, పుస్తకాల తెలుగు గురించి మేమేం చెబుతాం అనే బెరుకు. ఈ రెండో బెరుకు నిరాధారమైనదని, నిజానికి మీరున్న చోటే మీ అభిప్రాయానికి బలమని, కొన్ని పుస్తకాలను ఉదాహరణగా తీసుకొని ఇక్కడ వివరిస్తాం.

కాల్పనికేతర గ్రంథాన్ని చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. రచయిత ఏం చెబుతున్నారు? ఆ సంగతి ఆయనకు ఎలా తెలిసింది? అది మనకు తెలిసినదానితో ఎంతవరకు పొసగుతున్నది? మొదటిదానికి పుస్తకం శ్రద్ధగా చదివితే చాలు. రెండవదానికి రచయిత ఆధారాలను గమనించాలి. మూడవది పాఠకుని బట్టి, పాఠకుని ఊరిని బట్టి మారుతుంది.

ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' చూడండి. ఆయన చెన్నపట్నం సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేశారు. 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీకి వెళ్లి, కలకత్తా, పూరీ, గంజాం తీరాల గుండా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిలో చూసినవన్నీ వ్రాసిపెట్టారు. గ్రంథం 1838లో అచ్చయింది. దారి ఎటువంటిది, నీళ్లున్నాయా, బసకు చోటుందా, సరుకులు దొరుకుతాయా అన్నవి మజిలీ మజిలీకీ చెబుతారు. ఆయనకు ఎలా తెలిసిందంటే, కళ్లారా చూశారు. అయితే పరివారంతో, పల్లకీలో సాగిన ప్రయాణమది. ఆ పల్లకీ మోసిన బోయీలకు అదే దారి మరోలా కనిపించి ఉంటుంది. ఈ మాట వ్రాస్తే పుస్తకాన్ని తక్కువ చేసినట్లు కాదు, దాని చూపు ఎక్కడ నుంచి మొదలవుతున్నదో చెప్పినట్లు. ఇక మూడో ప్రశ్నకు వస్తే, నాగపూరులోనో బరంపురంలోనో ఉన్న విద్యార్థి తన ప్రాంతానికి సంబంధించిన పుటలను పక్కన పెట్టుకొని ఆ నదులనూ ఊళ్లనూ పోల్చి చూడగలడు. గుంటూరులో కూర్చున్న పాఠకునికి ఆ అవకాశం అంత సులభం కాదు.

సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడింది. తెలుగులో తొలి సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దీనికే లభించింది. అప్పటికి రచయిత కీర్తిశేషులు. రాజుల యుద్ధాలు, వంశావళులు కాక ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు, నమ్మకాలు చరిత్ర కావాలన్నది ఈ గ్రంథం ప్రతిపాదన. దీనికి ప్రధానమైన ఆధారం కావ్యాలు. 'క్రీడాభిరామం', 'హంసవింశతి' వంటి వాటిలోని వర్ణనల నుంచి ఆయన జనజీవితాన్ని ఏరి కూర్చారు. ఇక్కడ రెండో ప్రశ్న పదునెక్కుతుంది. కవి వర్ణించినది కళ్లారా చూసిందా, పూర్వకవుల నుంచి వచ్చిన ఆనవాయితీయా? ఒక పద్యంలో పదిరకాల వంటలున్నాయంటే ఆ ఊళ్లో అందరూ అవి తిన్నారని చెప్పగలమా? ఈ సందేహం వ్రాయడం అగౌరవం కాదు. ఇక విజయనగర కాలానికి వస్తే, హంపీ నేడు కర్ణాటకలో ఉంది. ఆ సామ్రాజ్యపు శాసనాలు తెలుగులోనే కాక కన్నడ, తమిళ, సంస్కృతాలలోనూ ఉన్నాయి. బళ్లారి విద్యార్థి కన్నడ శాసనాన్ని మూలంలో చదువుకోగలడు. ఆనాటి ఏ ఆచారం ఆంధ్రులది, ఏది కన్నడిగులది, ఏది ఇరువురిదీ అని అడిగే అర్హత రెండు భాషలూ ఎరిగిన అతనికి ఎక్కువగా ఉంది.

భాష విషయంలో అభిప్రాయాలు ఎలా చీలిపోతాయో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' చక్కగా చూపుతుంది. తెలుగును చిన్నచూపు చూసే వైదిక కుటుంబంలో పుట్టి, సంస్కృతం చదువు విడిచి తెలుగు రచనకు అంకితమైన వ్యక్తి ఆత్మకథ ఇది. గోదావరి మండలపు ఇళ్లలోని మాట ఇందులో నిండుగా ఉంటుంది. దీన్ని తరగతిలో చదివించినప్పుడు యానాం విద్యార్థి పుట పుటకూ నవ్వుకున్నాడు. యానాం పాలన వేరైనా దాని చుట్టూ ఉన్నది గోదావరి సీమే గదా. హోసూరు నుంచి వచ్చిన విద్యార్థిని మాత్రం ఈ తెలుగు తమ ఇంటి తెలుగు కాదని, పత్రికల తెలుగు కంటే ఇదే కష్టంగా ఉందని వ్రాసింది. మేము ఆ కాగితం అంచున భాష ఇంకా నేర్చుకోవాలని వ్రాసి మార్కులు తగ్గించాం. ఆ తరువాత ఆమె భాషను గురించి మరి ఒక్క వాక్యం కూడా వ్రాయలేదు. అందరిలాగే సరళంగా ఉందని వ్రాయడం మొదలుపెట్టింది.

తప్పు మాదే. ఆమె చెప్పినది భాషాశాస్త్ర దృష్టిలో సరైన పరిశీలన. మాండలికానికి దగ్గరైన రచన ఆ మాండలికం వారికి సులభంగా, ఇతరులకు కష్టంగా ఉండడం సహజం. ఆమె నిజాయితీగా వ్రాసిన అభిప్రాయాన్ని మేము తెలుగు రాకపోవడంగా లెక్కగట్టాం. ఈ వ్యాసం వ్రాయడానికి ఆ కాగితమే ఒక కారణం. మీకు ఒక పుస్తకం కష్టమనిపిస్తే కష్టమని వ్రాయండి. అయితే అంతటితో ఆగకండి. ఏ మాటల దగ్గర ఆగిపోయారు, ఆ మాటకు బదులు మీ ఇంట్లో ఏమంటారు, ఇవి కూడా వ్రాయండి. అప్పుడది ఫిర్యాదుగా మిగలక సమాచారమవుతుంది.

1986లో స్త్రీ శక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' మరో రకం పుస్తకం. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ అనుభవాలను చెప్పగా వాటిని గ్రంథస్థం చేశారు. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివారి మాటలు ఇందులో ఉన్నాయి. ఇక్కడ అడగవలసినవి వేరు. ప్రశ్నలు వేసినవారెవరు? ఎన్నేళ్ల తరువాత వేశారు? నోటిమాట అచ్చులోకి వచ్చేటప్పుడు ఏం మిగిలింది, ఏం జారిపోయింది? తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న షోలాపురంలో పెరిగిన పాఠకునికి ఈ మాటలలో తన నాయనమ్మ గొంతు వినిపించవచ్చు. అటువంటి చెవి ఉన్నవారే ఈ మూడో ప్రశ్నకు చక్కగా జవాబు చెప్పగలరు.

ఈ పుస్తకం పేరులోని 'మన' అనే మాటను కూడా గమనించాలి. తెలుగులో 'మేము' అంటే వినేవారు అందులో చేరరు, 'మనం' అంటే చేరతారు. తమిళంలో నాంగళ్, నామ్ అని, మరాఠీలో ఆమ్హీ, ఆపణ్ అని ఈ భేదం ఉంది. నేటి కన్నడంలో రెండింటికీ నావు ఒక్కటే. కాబట్టి తెలుగు పుస్తకం 'మన చరిత్ర' అన్నప్పుడు, ఆ మనలో నేనున్నానా అని అడిగే హక్కు పాఠకునికి ఉంటుంది. ఉన్నానంటే ఎందుకు, లేనంటే ఎందుకు అన్నది చెబితే అదే విలువైన అభిప్రాయం.

చివరగా, పని నేర్పే పుస్తకాలు. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండప్రాంతపు పల్లెలను దృష్టిలో పెట్టుకొని వ్రాసిన గ్రంథాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'వైద్యుడు లేని చోట' పేరిట తెలుగులోకి తెచ్చింది. ఇటువంటి పుస్తకాన్ని శైలిని బట్టి తూచకూడదు. చదవడం అంతగా రానివారికి బొమ్మల ద్వారా విషయం తెలుస్తున్నదా? వ్యాధుల పేర్లు మన ఇళ్లలో అనేవేనా? వైద్యవిజ్ఞానం మారుతూ ఉంటుంది గనుక చేతిలో ఉన్నది ఏ సంవత్సరపు ముద్రణ? ఎంత మంచి పుస్తకమైనా పాత ముద్రణను చూసి మందు వాడడం ప్రమాదం. ఈ హెచ్చరిక కూడా అభిప్రాయంలో భాగమే.

పైవన్నీ కలిపి చూస్తే, ఒకే పుస్తకంపై ఇద్దరి అభిప్రాయాలు వేరైనంత మాత్రాన ఒకరిది తప్పు కానక్కరలేదని తెలుస్తుంది. ఆధారం లేకుండా చెప్పినదే తప్పు. మీ అభిప్రాయానికి ఆధారంగా ఏ పుటలోని ఏ సంగతి చూశారో చెప్పండి. నచ్చినదానికీ నమ్మినదానికీ తేడా చూపండి. కొన్ని నచ్చకపోయినా నమ్మవలసి ఉంటుంది, కొన్ని ఎంతో నచ్చినా నమ్మడానికి ఆధారం చాలదు. తెలియని మాటను తెలియదని ఒప్పుకోండి. పీఠిక చివర చదవండి, మీ మాట మీకు దొరికిన తరువాత.

ఇకపై మీరు వ్రాసే కాగితం మీద పుస్తకం పేరు, రచయిత పేరు, ముద్రణ సంవత్సరంతో పాటు మీ ఊరి పేరు, మీ ఇంట్లో మాట్లాడే భాషల పేర్లు కూడా పైన వ్రాయండి. దిద్దేటప్పుడు మేము ముందుగా ఆ వరుసనే చదువుతాం.