నిదానమే ప్రధానం

'నిదానం' అనే మాటకు వాడుకలో తొందరపాటు లేకపోవడమని అర్థం. ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించడాన్నీ నిదానమనే అంటారు. ఇంటి కంప్యూటర్‌పై వీడియో ఎడిటింగ్ చేసేవారికి ఈ రెండు అర్థాలూ అవసరమే.

నల్లగొండ సమీపాన పానగల్లులోని ఛాయాసోమేశ్వరాలయ గర్భగుడిలో పగటివేళ కదలక నిలిచే నీడ ప్రసిద్ధం. పాలమూరు ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెరకు దర్శనం మొగిలయ్య ద్వారా 2022లో పద్మశ్రీ గౌరవం లభించింది. ఇటువంటి విశేషాలను సెల్‌ఫోనులో చిత్రీకరించి, కేడెన్‌లైవ్, షాట్‌కట్, ఓపెన్‌షాట్ వంటి సాఫ్ట్‌వేర్‌లతో కూర్చవచ్చు. ఇవి ఉచితమే కాక, ఎవరైనా పరిశీలించి మార్చుకోదగిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లు. వీటిని తయారీదారుల అధికారిక వెబ్‌సైట్ నుండి మాత్రమే తీసుకోవాలి. విండోస్ మూవీ మేకర్‌ను మైక్రోసాఫ్ట్ 2017లో నిలిపివేసింది. కనుక ఆ పేరుతో ఇతరత్రా లభించేవాటిని నమ్మరాదు.

సాధారణంగా ఎదురయ్యే మొదటి చిక్కు దృశ్యం ఆగి ఆగి నడవడం. నేటి ఫోన్లు స్థలం ఆదా చేయడానికి వీడియోను బాగా కుదించి భద్రపరుస్తాయి. దానిని క్షణక్షణం విప్పి చూపడం పాత కంప్యూటర్‌కు భారమవుతుంది. దీనికి విరుగుడు ప్రాక్సీ, అనగా తక్కువ స్పష్టత గల ఛాయాప్రతి. కూర్పంతా ఛాయపై జరుగుతుంది. తుది వీడియో మాత్రం అసలు ప్రతి నుండే తయారవుతుంది.

రెండవది, కిన్నెర తీగ మీటిన వేళకూ నాదం వినిపించే వేళకూ పొంతన తప్పడం. వెలుతురు తగ్గినప్పుడు కొన్ని ఫోన్లు సెకనుకు తీసే చిత్రాల సంఖ్యను మారుస్తాయి. కూర్పుకు ముందే హ్యాండ్‌బ్రేక్ వంటి సాధనంతో ఆ సంఖ్యను స్థిరపరచాలి.

మూడవది, నిన్న కనిపించిన దృశ్యాలు నేడు కనిపించకపోవడం. ప్రాజెక్టు ఫైలులో వీడియోలు ఉండవు. వాటి చిరునామాలూ, కత్తిరింపుల వివరాలూ మాత్రమే ఉంటాయి. ఫోల్డర్ మారిస్తే చిరునామా తప్పుతుంది. వీడియోలను తిరిగి పాత చోట ఉంచితే చాలు, శ్రమ వృథా కాదు.

తెలుగు అక్షరాలకు బదులు గడులు కనిపిస్తే, తెలుగు యూనికోడ్ ఫాంటును ఎంచుకోవాలి.

తుది వీడియో తయారీ మధ్యలో ఆగిపోతే ముందు డిస్కులో ఖాళీ స్థలం చూడాలి. స్థలం ఉన్నా ఆగితే, కూర్పును రెండు భాగాలు చేసి విడివిడిగా ప్రయత్నించాలి. ఆగిన భాగాన్ని మళ్ళీ రెండు చేయాలి. ఇలా నాలుగైదు విడతల్లో దోషమున్న ముక్క దొరుకుతుంది. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. పలు మార్పులు ఒక్కసారే చేస్తే ఏది ఫలించిందో తెలియదు.

వీటన్నిటికంటే ముందు పాటించవలసిన నియమం మరొకటి ఉంది: అసలు వీడియోను మరొక డిస్కులో భద్రపరచి, దానిని తాకకుండా ఉంచాలి. చెడిన సాఫ్ట్‌వేర్‌ను ఎన్నిసార్లయినా తిరిగి స్థాపించవచ్చు. వృద్ధ కళాకారుడు ఒకనాడు పాడిన పాటను మాత్రం తిరిగి పాడించగలమన్న హామీ లేదు.