పెద్ద సంఖ్య, చిన్న గడి

కంప్యూటరు పట్టికలో ప్రతి వరుసకును ఒక గుర్తింపు ఉండవలెను. అది మరియొక వరుసకు ఉండరాదు. దీనినే ప్రైమరీ కీ అందురు. మన కళాశాల రిజిస్టరులోని అడ్మిషన్ నంబరు వంటిదే ఇది. ఇద్దరు రహీములు, ముగ్గురు వెంకటేశ్వర్లు ఉన్న తరగతిలో స్కాలర్‌షిప్ ఎవరికి చేరవలెనో తేల్చునది పేరు కాదు, ఆ సంఖ్య.

పైథాన్ భాషలో పూర్ణసంఖ్యకు హద్దు నిర్ణయింపబడలేదు. వేయి రెండ్లను వరుసగా గుణించినను, 302 అంకెల ఫలితమును ఒక్క అంకె తప్పక చెప్పును. ఈ ఔదార్యమును చూచి విద్యార్థి ధైర్యపడును. కాని ఆ సంఖ్య పైథాన్‌లోనే నిలిచిపోదు గదా! డేటాబేస్‌లోనికి పోవును, అక్కడినుండి బ్రౌజరులోనికి వచ్చును. ఆ రెండింటికిని కొలత ఉన్నది. మన కోవూరు కళ్ళములో కుంచమునకు మించి పోసిన ధాన్యము నేలపై కనబడును. ఇక్కడ ఒలికినది ఒక్కొక్కప్పుడు కనబడదు.

మై ఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లలో సాధారణ పూర్ణసంఖ్య గడికి 32 బిట్లు. అందులో పట్టు గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647. మన దేశపు మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలగు పదంకెల సంఖ్యలు గనుక వానిలో ఒక్కటియు ఈ గడిలో పట్టదు. 12 అంకెల ఆధార్ సంగతి చెప్పనక్కరలేదు. పోస్ట్‌గ్రెస్ హద్దు మించినదని తిరస్కరించును, అది మేలు. మై ఎస్‌క్యూఎల్ కఠిన నియమము లేని అమరికలో హెచ్చరిక మాత్రము చేసి, ఆ గరిష్ఠ సంఖ్యనే వ్రాసికొనును. అదే ప్రైమరీ కీ అయినచో, రెండవ విద్యార్థిని 'ఇదివరకే ఉన్నారు' అని త్రోసివేయును!

వరుసలు పెరిగి పెరిగి హద్దు తాకుటయు కలదు. 2018 నవంబరులో బేస్‌క్యాంప్ అను సంస్థకు ఇట్లే జరిగి, కొన్ని గంటలు క్రొత్త వ్రాతలు నిలిచిపోయినవి. మందు సులభమే: మొదటినుండియు 64 బిట్ల గడి ఎన్నుకొనుట. అందులో 18 అంకెల సంఖ్య ఏదైనను పట్టును. జాంగో చట్రము 2021లో వచ్చిన 3.2 నుండి క్రొత్త ప్రాజెక్టులకు దీనినే ఇచ్చుచున్నది.

అసలు గండము బ్రౌజరులో ఉన్నది. జావాస్క్రిప్ట్ సాధారణ సంఖ్యను 9,00,71,99,25,47,40,992 దాటిన పిమ్మట నమ్మరాదు. చివర 993 గల సంఖ్యను పంపిన, 992గా మారును. తప్పు జరిగినట్లు ఎవరును చెప్పరు. ఒకరి దరఖాస్తు నొక్కిన, పొరుగువారిది తెరచుకొనును. అందుచేతనే ట్విట్టర్ 2010లో పెద్ద సంఖ్యలకు మారునపుడు, అదే సంఖ్యను అక్షరరూపమునను పంపసాగెను. పైథాన్ నుండి పంపునపుడు మనమును అట్లే చేయవలెను.

ఇంతకును మొబైల్ నంబరును కీగా పెట్టుటయే పొరపాటని నా అభిప్రాయము. అది చేతులు మారును. ఆధార్ గోప్యమైనది. బ్యాంకు ఖాతా సంఖ్యకు ముందున్న సున్న పూర్ణసంఖ్య గడిలో మాయమగును. కూడుటకును తీసివేయుటకును పనికిరాని ఇవి అంకెలతో వ్రాసిన పేర్లే గనుక అక్షరముల గడిలో ఉండదగును. కీ మాత్రము డేటాబేస్ తానై ఇచ్చు 64 బిట్ల క్రమసంఖ్యగా ఉండిన చాలును.