సంఘపు పాత బండి: చెడకముందే చూచుకొనవలసిన పనులు



మగ్గము మీద పోగు తెగినప్పుడు నేతగాడు నాడె ఆపి, ముడివేసి, ఆ తరువాతనే ముందుకు పోవును. తెగిన పోగును అట్లే వదలి నేసినచో ఆ గీత చీర పొడవునా కనిపించును. అంగడిలో ధర తగ్గును. ఈ సంగతి మన ఇండ్లలో చిన్న పిల్లలకు కూడ తెలియును. కాని మన సరుకు మోయు బండి విషయములో ఈ నియమమును మనమే మరచిపోవుచున్నాము. మా సంఘము అట్లు మరచి నష్టపడినది గనుక, ఇతర సంఘములకు ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది పాత డీజిలు పికప్ బండి. కొన్ననాటికే మీటరు 2 లక్షల కిలోమీటర్లు దాటినది. బెంగుళూరులో కొన్న పట్టునూలు, జరీ ధర్మవరము వైపు సభ్యులకు చేర్చుట, నేసిన చీరలు చిక్కపేట అంగళ్ళకు తెచ్చుట దాని పని. కొత్త బండి కొను శక్తి చాల సంఘములకు లేదు. పాతది కొనుట తప్పు కాదు. కొన్న తరువాత దానిని కొత్తదానివలె వాడుటయే తప్పు.

ఒక శ్రావణమాసమునకు ముందు, బండి క్రింద నీరు చుక్కలుగా పడుచున్నదని డ్రైవరు చెప్పినాడు. రేడియేటరు గొట్టము పాతబడినది. మార్చుటకు కొన్ని వందల రూపాయలు చాలును. ‘వచ్చే కమిటీలో చూతము’ అని మేము అన్నాము. కమిటీ కూడకముందే, నిండు బరువుతో బాగేపల్లి దాటి వచ్చుచుండగా గొట్టము పగిలి, ఇంజను వేడెక్కి, హెడ్డు వంగిపోయినది. మరమ్మతుకు వేలకు వేలు అయినవి. అంతకంటె బాధ ఏమనగా, వరలక్ష్మీ వ్రతపు బేరమునకు చీరలు అందలేదు. అంగడివారు వేరొకచోట కొనుక్కొన్నారు. సభ్యుల కూలి రెండు వారములు ఆలస్యమైనది. తప్పు డ్రైవరుది కాదు, బండిది కాదు, మాది.

ఆనాటి నుండి మేము పాటించుచున్న పద్ధతి ఇది.

నీరు: ధర్మవరము సముద్రమట్టమునకు 400 మీటర్ల లోపు ఎత్తులో ఉండగా, బెంగుళూరు 900 మీటర్ల ఎత్తులో ఉన్నది. కనుక చీరలతో వచ్చునప్పుడు బండి 500 మీటర్లకు పైగా ఎక్కవలెను. ఇంజను వేడెక్కునది అప్పుడే. ప్రతి ఉదయము ఇంజను చల్లగా ఉన్నప్పుడే నీటి మట్టము చూడవలెను. వేడిమీద రేడియేటరు మూత తీయరాదు, ముఖము కాలును. బోరు నీరు పోయవద్దు. ఉప్పునీటిలో రంగు సరిగా పట్టదని మన అద్దకమువారికి తెలియును. అదే నీరు రేడియేటరులో పొరగా పేరుకొని, వేడి బయటికి పోనీయదు. బండి పుస్తకములో చెప్పిన కూలంటునే పోయవలెను. గొట్టములు వేలితో నొక్కినప్పుడు రాయివలె గట్టిగా గాని, మరీ మెత్తగా గాని ఉన్నచో మార్చవలెను.

ఇంజను ఆయిలు: బండిని సమతలముపై నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు కడ్డీ తీసి చూడవలెను. ఆయిలు రెండు గుర్తుల మధ్య ఉండవలెను. డీజిలు ఇంజనులో ఆయిలు నల్లబడుట సహజము. పాలవలె తెల్లబడినచో నీరు కలసినదని అర్థము. బండిని అక్కడే ఆపవలెను. ఇంకొక సంగతి. హెబ్బాళము నుండి చిక్కపేట చేరులోపల రద్దీలో ఇంజను ఎంతోసేపు తిరుగును గాని మీటరు తిరుగదు. అందుచేత మీటరు మీద కిలోమీటర్లు మాత్రమే లెక్కించి ఆయిలు మార్చుట చాలదు. పుస్తకములో చెప్పిన గడువుకు ముందే మార్చుట పాత ఇంజనుకు మేలు. ఆయిలుతోపాటు ఆయిలు ఫిల్టరును కూడ మార్చవలెను.

టైమింగు బెల్టు: కొన్ని ఇంజనులకు గొలుసు, కొన్నిటికి బెల్టు ఉండును. బెల్టు ఉన్నచో, దానిని ఎప్పుడు మార్చినారో ఋజువు లేని పాత బండికి కొన్న వెంటనే మార్చవలెను. నడకలో అది తెగినచో ఇంజను లోపలి వాల్వులు వంగిపోవును.

గాలి, డీజిలు ఫిల్టర్లు: గాలి ఫిల్టరు దుమ్ముతో నిండినచో బండికి బలము తగ్గును, డీజిలు ఎక్కువ త్రాగును. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు వదలివేయవలెను. ఇవి తక్కువ ఖర్చు పనులు.

బ్రేకులు, టైర్లు: బెంగుళూరు నుండి నూలుతో పోవునప్పుడు దారి దిగుడు. దిగుడులో బండిని న్యూట్రలులో వదలరాదు. గేరులోనే ఉంచి, ఇంజను పట్టుతో దిగవలెను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన ఆయిలు వేడికి మరగి, బ్రేకు పట్టు తప్పును. రెండేండ్లకొకసారి దానిని మార్చుట మంచిది. టైర్లలో గాలిని బండి బయలుదేరకముందు, చల్లగా ఉన్నప్పుడు చూడవలెను. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో చట్టము ఒప్పుకొనదు. టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తు ఉండును. 2319 అని ఉన్నచో అది 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని తెలియును. పాత టైరుకు కొత్త రంగు పూసి అమ్మువారున్నారు గనుక ఈ గుర్తు చదువుట నేర్చుకొనవలెను.

బండి తొట్టి: మన సరుకు ఇటుకలు కాదు, పట్టు. తొట్టి అడుగున చిల్లి ఉన్నదా, టార్పాలిను కుట్లు విడినవా అని వర్షాకాలమునకు ముందే చూడవలెను. ఖాళీ బండిలో ఒకరు కూర్చొని, పైన నీళ్ళు పోయించి చూచినచో చిల్లులు తెలిసిపోవును. డీజిలు డబ్బా, గ్రీజు గుడ్డ చీరల మూటల దగ్గర ఉంచరాదు.

విడి భాగములు: బెంగుళూరులో జె.సి. రోడ్డున అన్ని రకముల భాగములు దొరకును. ధర తక్కువని బ్రేకు, స్టీరింగు భాగములలో నకిలీ కొనవద్దు. బిల్లు తీసుకొని దాచవలెను.

కాగితములు: సరుకు బండికి 8 ఏండ్ల వరకు రెండేండ్లకొకసారి, ఆ తరువాత ప్రతి ఏట ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు తీసుకొనవలెను. ఇన్సూరెన్సు, కాలుష్య పత్రము గడువులను కేలండరు మీద ఎర్ర సిరాతో వ్రాసి పెట్టవలెను.

ఇక ముఖ్యమైన మాట. పై పనులన్నియు మెకానిక్కులు ఎరిగినవే. మన సంఘములలో లోపించినది తెలివి కాదు, ఏర్పాటు. మేము మూడు ఏర్పాట్లు చేసినాము. మొదటిది, బండికి ఒక పుస్తకము: తేదీ, మీటరు అంకె, చేసిన పని, అయిన ఖర్చు, మరల ఎప్పుడు చేయవలెనన్నది అందులో వ్రాయుదుము. రెండవది, బండి నడచిన ప్రతి కిలోమీటరుకు 2 రూపాయల చొప్పున వేరు ఖాతాలో వేయుదుము. ఆ సొమ్ము మరి దేనికిని ముట్టము. మూడవది, 2 వేల రూపాయల లోపు మరమ్మతు డ్రైవరు చెప్పిన నాడే చేయించుటకు తీర్మానము చేసినాము. కమిటీకి లెక్క తరువాత చూపిన చాలును. ఈ మూడవ ఏర్పాటు ఆనాడే ఉన్నచో మా చీరలు సమయమునకు చిక్కపేట చేరెడివి.

డ్రైవరు మాటను తేలికగా తీసుకొనవద్దు. మగ్గము చప్పుడు మారినచో నేతగాని చెవికి తెలిసినట్లే, ఇంజను చప్పుడు మారినచో మొదట అతనికే తెలియును. ఛాసిస్ పగిలినదని, తుప్పు పట్టి తినివేసినదని మెకానిక్కు చెప్పినచో మాత్రము ఆశ వదలి బండిని మార్చవలెను. అక్కడ పొదుపు చూచుకొన్నచో మనిషి ప్రాణమునకే ముప్పు.

ఆయుధపూజనాడు మగ్గముతోపాటు బండికి కూడ కుంకుమ పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు ఉంచుదుము. అది మంచి ఆచారమే. ఆ ఉదయమే బండి పుస్తకము తెరచి, గడువు దాటిన పని ఏదైన ఉన్నదా అని చూచుట కూడ పూజలో భాగముగా పెట్టుకొందుమని సభ్యులకు మనవి.

— కార్యదర్శి