బస్తీ బడి మీద మోపిన నిందలు

వాడపల్లి నుంచి మిర్యాలగూడ దాకా సిమెంటు పనుల మీద, రైసుమిల్లుల మీద బతికే ఇళ్లు చాలానే. ముస్లింలు, లంబాడాలు, దళితులు, బిహార్ నుంచి వచ్చిన హమాలీలు. వాళ్ల పిల్లల చదువు మీద టీకొట్టు కాడ తీర్పులకు కొదవలేదు.

అపోహ: మైనారిటీ గురుకులాలు ముస్లింలకే. చదువంతా ఉర్దూలోనే.

వాస్తవం: 2016లో 71 బడులతో మొదలై 204కు పెరిగిన ఈ గురుకులాల్లో చదువు ఇంగ్లిష్ మీడియం. 75 శాతం సీట్లు మైనారిటీలవి, అందులో క్రైస్తవులు, సిక్కులూ వస్తారు. మిగతా 25 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ పిల్లలకు.

అపోహ: గురుకులాలున్నాయిగా, ఇక బస్తీ బడెందుకు?

వాస్తవం: 1971లో సర్వేల్‌లో పి.వి. నరసింహారావు చొరవతో మొదలైన గురుకుల చదువు ఎందరినో నిలబెట్టింది. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ గురుకులం పిల్లే. అయితే ఈ గురుకులాల్లో చేరేది ఐదో తరగతిలో. అంతదాకా పునాది వేయాల్సింది ఎవరు? వాడకట్టులోని ప్రాథమిక బడే.

అపోహ: గోడలకు రంగులేస్తే బడి బాగుపడుతుంది.

వాస్తవం: 2022లో ‘మన ఊరు – మన బడి’ పథకం కింద తలపెట్టిన నీళ్లు, మరుగుదొడ్లు, ప్రహరీలు కావాల్సినవే. కానీ మూడో తరగతి పిల్లను 42లోంచి 17 తీసేయమనండి. 35 అంటుంది. పై అంకె, కింది అంకె చూడదు, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తుంది. పది పుల్లల కట్ట విప్పి చూపించే పంతులు కావాలి ఆమెకు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లయితే కష్టం రెట్టింపు: పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్, రెండూ అమ్మ భాష కావు. పిల్లల స్థాయి చూసి చెప్పాలంటూ అదే ఏడాది వచ్చిన ‘తొలిమెట్టు’ కార్యక్రమం నా లెక్కన రంగుల కన్నా విలువైనది.

అపోహ: టీసీ, జనన ధ్రువపత్రం లేకపోతే చేర్చుకోరు.

వాస్తవం: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా ఆ సాకుతో తిప్పి పంపకూడదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

అపోహ: కూలీ తల్లిదండ్రులకు చదువు పట్టదు.

వాస్తవం: అదే చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులకే ఇచ్చింది, సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. మీటింగు పగలు పదకొండింటికి పెడితే మిల్లు కూలి వదులుకుని ఎవరొస్తారు? హెడ్మాస్టర్లూ, సాయంత్రం పెట్టి చూడండి.